ఎవరికి ఏది ఎప్పుడు తెలియాలి: కథా నిర్మాణంపై ఒక ప్రసంగం

(కథకులు, స్క్రీన్‌ప్లే రచయితల కోసం చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

మిత్రులందరికీ నమస్కారం. మొదట ఒక ప్రశ్న అడుగుతాను. మీలో చాలామంది ఇప్పుడు ఏదో ఒక కథో, నవలో, స్క్రిప్టో రాస్తూ మధ్యలో ఆగిపోయి ఉంటారు. మీరు ఆగిన ఆ చోట మీ ముఖ్య పాత్రకు ఇంకా తెలియని విషయం ఏమిటి? ఆ పాత్రకు తెలిసి, చదివేవారికి తెలియనిది ఏమిటి? చదివేవారికి తెలిసి, ఆ పాత్రకు తెలియనిది ఏమిటి? ఈ మూడింటికీ వెంటనే జవాబు చెప్పగలిగితే మీ కథ ఆగినా రేపో మాపో కదులుతుంది. చెప్పలేకపోతున్నారంటే, మీరు ఆగిపోవడానికి కారణం బహుశా అక్కడే ఉంది.

కథా నిర్మాణం అనగానే మన కళ్ల ముందు ఒక బొమ్మ మెదులుతుంది. కొందరికి అది కొండలా ఎక్కి దిగే గీత. 1863లో గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత నాటకాలను పరిశీలించి ఆ గీత గీశాడు. మరికొందరికి అది మూడు అంకాల పట్టిక. 1979లో సిడ్ ఫీల్డ్ అనే అమెరికన్ రచయిత సినిమా స్క్రిప్టును మొదలు, మధ్య, ముగింపులుగా విడగొట్టి, 120 పేజీల స్క్రిప్టులో మొదటి 30 పేజీలు, తర్వాతి 60, చివరి 30 అని లెక్క కూడా చెప్పాడు. ఈ బొమ్మలు తప్పని నేను అనను. అయితే అవి పూర్తయిన కథకు తీసిన ఎక్స్‌రేలు. ఎముకలు ఎక్కడున్నాయో చూపిస్తాయి, ఆ ప్రాణి ఎలా నడిచిందో చూపించవు. నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయిన రచయితకు ‘ఇక్కడ మలుపు రావాలి’ అని పట్టిక చెబుతుంది. ఏ మలుపు, ఎందుకు, ఎవరికి మలుపు అన్నది ఆ పట్టికకు తెలియదు.

నేను ఇన్నేళ్లుగా రాస్తూ, ఇతరుల రాతప్రతులు చదువుతూ నమ్మకానికి వచ్చిన విషయం ఒక్కటే. నిర్మాణం అంటే సంఘటనల వరస కాదు, తెలియడం అనే దాని వరస. ఎవరికి ఏది ఎప్పుడు తెలియాలి అని రచయిత తీసుకునే నిర్ణయమే నిర్మాణం. సంఘటనలన్నీ అవే ఉంచి, తెలిసే వరస మార్చి చూడండి, అది వేరే కథ అయిపోతుంది. దీన్ని ఊరికే చెబితే సిద్ధాంతంలా ఉంటుంది కాబట్టి ఒక చిన్న కథను మీ ముందు విప్పుతాను.

గడియారాలు బాగుచేసే ఒక మనిషి ఉన్నాడు, వయసు యాభై దాటింది. పన్నెండేళ్ల కిందట అతని తమ్ముడు ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు తమ్ముడి చేతికి ఉన్నది అన్న బాగుచేసి ఇచ్చిన గడియారమే. ఇంట్లో తల్లి ఇప్పటికీ వీధి తలుపు చప్పుడైతే తల ఎత్తి చూస్తుంది. ఒక సాయంత్రం ఒక చిన్న పిల్ల, పదకొండేళ్లు ఉంటాయేమో, ఆగిపోయిన గడియారం పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది.

ఇక్కడ వృత్తికి సంబంధించిన ఒక వివరం చెప్పాలి. గడియారాలు బాగుచేసేవారికి చాలాకాలంగా ఒక అలవాటు ఉంది. వెనక మూత తీసి పని పూర్తి చేశాక, ఆ మూత లోపలి వైపు సన్నని మొనతో, కంటికి ఆననంత చిన్నగా, తమ గుర్తునో తేదీనో గీసి పెడతారు. చేతికి పెట్టుకున్న మనిషికి ఆ గీత ఉన్నట్టే తెలియదు. మళ్లీ మూత తీసిన వాడికే తెలుస్తుంది. మన కథలో ఆ గీత గీసినవాడే పన్నెండేళ్ల తర్వాత ఆ మూత తీస్తాడు.

సంఘటన అంతే. పిల్ల వచ్చింది, మూత తీశాడు, గుర్తు చూశాడు. ఇప్పుడు దీన్ని మూడు రకాలుగా చెప్పి చూద్దాం.

మొదటి పద్ధతిలో కథ పన్నెండేళ్ల కిందటే మొదలవుతుంది. అన్న ఆ గుర్తు గీయడం, తమ్ముడు ఆ గడియారం పెట్టుకుని గడప దాటడం మనం చూశాం. ఆరో అంకె దగ్గర డయల్ మీద చిన్న మచ్చ ఉండడం కూడా చూశాం. పిల్ల సంచిలోంచి గడియారం తీయగానే ఆ మచ్చను మనం గుర్తుపట్టాం, అతను గుర్తుపట్టలేదు. అతనికి చేతినిండా పని. ‘వచ్చే వారం రామ్మా’ అని దాన్ని సొరుగులో పడేశాడు. ఇప్పుడు మన పరిస్థితి ఏమిటి? ఆ సొరుగు మన మనసులోంచి కదలదు. అతను కాగితం కోసం సొరుగు తెరిచిన ప్రతిసారీ మన గుండె ఒక్క క్షణం ఆగుతుంది. అతను టీవీ చూస్తున్నా, తల్లికి మందు ఇస్తున్నా, ఆ పనులన్నీ ఉత్కంఠతో నిండిపోతాయి. గమనించండి, ఆ సన్నివేశాల్లో నేను కొత్తగా పెట్టింది ఏమీ లేదు. మనకు తెలిసి అతనికి తెలియకపోవడం ఒక్కటే వాటిని నింపింది.

రెండో పద్ధతిలో మనకు గతం తెలియదు. తమ్ముడు ఉన్నాడని, వెళ్లిపోయాడని మాటల మధ్య ఎక్కడో విన్నాం, పట్టించుకోలేదు. అతనితో పాటు మూత తీశాం, అతనితో పాటు చూశాం. దెబ్బ ఇద్దరికీ ఒకేసారి తగులుతుంది.

మూడో పద్ధతిలో కథ ఆ పిల్లది. ఆ పెద్దాయన మూత తీసి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. సంబంధం లేని ప్రశ్నలు రెండు అడిగాడు, డబ్బు తీసుకోనన్నాడు, వీధి చివరి దాకా తోడు వచ్చాడు. పిల్లకు అర్థం కాలేదు, మనకూ కాలేదు. ఎన్నో పేజీల తర్వాత తెలుస్తుంది, తెలిసినప్పుడు మన మనసు వెనక్కి నడిచి ఆ సాయంత్రాన్ని మళ్లీ చూస్తుంది.

ఈ మూడింటిలో ఏది గొప్పది అని నన్ను అడగకండి. మీ కథ దేని గురించి అని మిమ్మల్ని మీరు అడగండి. మొదటిది ఎదురుచూపు గురించిన కథ, రెండోది దెబ్బ గురించిన కథ, మూడోది పెద్దల దుఃఖం మధ్య నడుస్తున్న ఒక పిల్ల గురించిన కథ. సంఘటన ఒకటే, కథలు మూడు. అయితే కొత్తగా రాసేవారి విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. చేతికి వచ్చిన ప్రతి విషయాన్నీ చివరిదాకా దాచి ట్విస్టుగా వాడుకోవాలనే ఆశ మనలో చాలా ఎక్కువ. సినిమా దర్శకుడు హిచ్‌కాక్ ఈ సంగతినే బాంబు ఉదాహరణతో చెప్పాడు: బల్ల కింద బాంబు ఉన్నట్టు ప్రేక్షకుడికి చెప్పకుండా పేల్చితే పదిహేను సెకన్ల ఆశ్చర్యం, ముందే చెబితే పదిహేను నిమిషాల ఉత్కంఠ. ఆ ఉదాహరణ మీ అందరికీ తెలిసే ఉంటుంది కాబట్టి విస్తరించను. నేను దానికి చేర్చేది ఒకటుంది. ముందే తెలియడం వల్ల పుట్టేది భయం ఒక్కటే కాదు, జాలి కూడా అలాగే పుడుతుంది. ఏమీ తెలియని మనిషి నవ్వుతుంటే, తెలిసిన మనకు కళ్లు చెమ్మగిల్లుతాయి.

ఇప్పుడు రెండో పద్ధతిని తీసుకుని, ఆ ఒక్క సన్నివేశం దగ్గర కొంచెం ఆగుదాం. అతను భూతద్దం కంటికి బిగించుకుని మూత తీశాడు, గుర్తు చూశాడు. తర్వాత ఏం రాస్తారు? ‘అతని గుండె ఝల్లుమంది, ఇది తన తమ్ముడి గడియారం’ అని రాస్తారా? నవలలో రాయవచ్చు, తెర మీద అది కనిపించదు. నేనైతే ఇలా రాస్తాను.

అతను భూతద్దం తీయలేదు. మూతను దీపం వైపు తిప్పాడు, మళ్లీ తిప్పాడు.

‘ఇది ఎప్పుడు ఆగిపోయిందమ్మా?’

‘నాకు తెలీదండీ. నాన్న చేతికి ఉన్నన్నాళ్లూ నడిచింది.’

ఇంతే. ఈ ఒక్క జవాబులో అతనికి ఎన్ని తెలిశాయో లెక్కపెట్టండి. తమ్ముడికి పెళ్లయింది. ఎదురుగా నిలబడిన పిల్ల తమ్ముడి కూతురు. గడియారం ఇప్పుడు తమ్ముడి చేతికి లేదు, అంటే తమ్ముడే లేడు. పిల్లకు మాత్రం తను గడియారం గురించి తప్ప ఇంకేదీ చెప్పినట్టు తెలియదు. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో రెండు మాటలు వాడాడు. తెలియనితనం నుంచి తెలివిడికి వచ్చే క్షణాన్ని గుర్తింపు అన్నాడు, పరిస్థితి ఒక్కసారిగా దానికి వ్యతిరేకంగా తిరిగే క్షణాన్ని తలకిందులు కావడం అన్నాడు. ఆ రెండూ ఒకే క్షణంలో జరిగితే అది అన్నిటికన్నా మేలైన గుర్తింపు అన్నాడు. మన సన్నివేశంలో తమ్ముడు దొరకడమూ తమ్ముడు పోవడమూ ఒకే వాక్యంలో జరిగాయి. ఆ వాక్యం చెప్పింది ఏమీ తెలియని పిల్ల. అందుకే దానికి అంత బలం. ఇదే విషయం ఉత్తరం ద్వారానో, పాత స్నేహితుడి ద్వారానో తెలిసి ఉంటే సమాచారం అందేది, సన్నివేశం పుట్టేది కాదు.

నవలకూ తెరకూ ఉన్న తేడాను ఇక్కడ గమనించాలి. నవల మనసులోకి వెళుతుంది, అది దాని శక్తి. అదే దాని ఇబ్బంది కూడా. ఒక పాత్ర మనసులోకి వెళ్లి కూర్చున్నాక, ఆ పాత్రకు తెలిసిన విషయాన్ని చదివేవారికి చెప్పకుండా దాచే హక్కు మీకు దాదాపు ఉండదు. తెర బయటి నుంచి చూస్తుంది కాబట్టి దాచడం తేలిక, తెలిసినట్టు చూపించడమే కష్టం. దానికి ఒక చెయ్యి ఆగాలి, ఒక దీపం వైపు తిరగాలి, ఒక ప్రశ్న అడ్డంగా రావాలి.

దాచే హక్కు ఉండదు అన్నాను. ఈ తప్పు నేను చేశాను కాబట్టి అంత గట్టిగా అంటున్నాను. చాలా ఏళ్ల కిందట నేను ఒక కథ ‘నేను’ అంటూ రాశాను. ఆ ‘నేను’ ఇంట్లో పోయిన డబ్బు కోసం అందరినీ అనుమానిస్తూ పన్నెండు పేజీలు తిరుగుతాడు, చివరి వాక్యంలో తీసింది తానేనని చెబుతాడు. ఆ కథ చదివిన ఒక పెద్దాయన నాకు ప్రతిని తిరిగి ఇస్తూ, ‘వీడు దొంగ అయినందుకు నాకు బాధ లేదు, నువ్వు నాతో అబద్ధమాడావు, అది నొచ్చుకునేలా ఉంది’ అన్నారు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. చెప్పే పాత్ర అబద్ధం ఆడవచ్చు, తనను తాను మోసం చేసుకోవచ్చు. అలాంటి కథకులు సాహిత్యంలో ఎందరో ఉన్నారు. అయితే ఆ పాత్ర ఎందుకు అబద్ధమాడుతోందో ఆ పాత్ర స్వభావంలో ఉండాలి, దాని జాడలు మాటల్లో ముందు నుంచీ కనిపించాలి. నా కథలో అబద్ధం అవసరం ఆ పాత్రది కాదు, నాది. చివరి వాక్యంలో ఆశ్చర్యపరచాలన్న నా కోరిక ఆ మనిషి నోరు నొక్కింది.

జాడల మాట వచ్చింది కాబట్టి మన పాత నాటకశాస్త్రం చెప్పిన ఒక సూక్ష్మమైన మాట చెబుతాను. నాట్యశాస్త్రంలో కథకు ఐదు సంధులు, అంటే కథ నడకలో ఐదు దశలు, చెప్పారు: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. వీటిని మనం పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేశాం. ప్రతిముఖం గురించి ఏమన్నారో చూడండి. ముఖంలో నాటిన బీజం ప్రతిముఖంలో మొలకెత్తుతుందట, ఎలా? కనిపించి మాయమైనట్టుగా. దృష్టనష్టం అన్న మాట వాడారు. ఎంత గొప్ప మాట! బీజాన్ని చూపించాలి, చూపించి మరిచిపోయేలా చేయాలి. పూర్తిగా చూపిస్తే చదివేవారు ముందే ఊహిస్తారు, పూర్తిగా దాస్తే చివరికి మోసపోయామంటారు. మన కథలో గుర్తు గీసే అలవాటును ఎక్కడ పెట్టాలి? పిల్ల రావడానికి ముందు, వేరే ఎవరి గడియారమో బాగుచేస్తూ అతను మూత లోపల గీత గీయాలి. ఆ క్షణంలోనే ఫోను మోగాలి, తల్లి పిలవాలి, మన చూపు అటు పోవాలి. గీత కనిపించింది, మాయమైంది. తర్వాత పిల్ల తెచ్చిన గడియారం మూత తెరుచుకున్నప్పుడు మనకు ఎవరూ ఏదీ వివరించనక్కర లేదు.

ఇక ఒక పూర్తి రచనలో ఈ తెలియడం ఎలా నడుస్తుందో చూడాలంటే నాకు కాళిదాసు నాటకం శాకుంతలం కన్నా మంచి పాఠం దొరకలేదు. దాని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి.

మహాభారతం ఆదిపర్వంలోని కథ మీకు తెలుసు, నన్నయ తెలుగు చేసిన కథ. అందులో దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి. శకుంతల కొడుకును తీసుకుని సభకు వస్తే, తెలిసి కూడా నువ్వెవరో నాకు తెలియదంటాడు. చివరికి ఆకాశవాణి పలికాక, లోకం నమ్మాలని అలా అన్నానంటాడు. అక్కడ శాపం లేదు, ఉంగరం లేదు. ఎవరికి ఏమి తెలుసు అని చూస్తే, రాజుకు తెలుసు, శకుంతలకు తెలుసు, రాజు అబద్ధమాడుతున్నాడని మనకూ తెలుసు. అందుకే ఆ సన్నివేశం వాదన అవుతుంది. శకుంతల సత్యం గురించి అంత గొప్పగా వాదించడానికి కారణం అదే.

కాళిదాసు సంఘటనలను దాదాపు అలాగే ఉంచి, తెలియడాన్ని మార్చాడు. నాలుగో అంకం మొదట్లో అనసూయ, ప్రియంవద పూలు కోస్తుంటారు. దూర్వాసుడి గొంతు వినిపిస్తుంది, నువ్వు ఎవరి ధ్యాసలో ఉన్నావో అతను నిన్ను మరిచిపోతాడని శపిస్తాడు. ఆ శాపం ఎవరు విన్నారు? చెలికత్తెలు విన్నారు, మనం విన్నాం. ఎవరిని శపించాడో ఆ శకుంతల మాత్రం వినలేదు, భర్త ధ్యాసలో ఉంది. గుర్తుగా ఇచ్చిన ఆభరణం చూస్తే శాపం తీరుతుందని కూడా చెలికత్తెలకే తెలుసు. మరి వాళ్లు ఆమెకు చెప్పవచ్చు కదా? చెప్పరు. నవమాలిక తీగ మీద వేడినీళ్లు ఎవరు పోస్తారు అంటుంది ప్రియంవద. ఆ మాట అందమైన ఉపమానమని మనం మెచ్చుకుంటాం. నిర్మాణం చూసేవారు ఇంకొకటి చూడాలి: కథ నడవాలంటే శకుంతలకు తెలియకూడదు, తెలియకుండా ఉంచడానికి కవి ప్రేమనే కారణంగా పెట్టాడు. ఇక్కడ దాచింది కవి కాదు, చెలికత్తెలు. నా పన్నెండు పేజీల కథలో లేనిది ఇదే.

సాగనంపేటప్పుడు చెలికత్తెలు, రాజు గుర్తుపట్టడానికి ఆలస్యం చేస్తే ఈ ఉంగరం చూపించు అంటారు. శకుంతల, మీ సందేహంతో నాకు వణుకు పుడుతోంది అంటుంది. ఏమీ తెలియని మనిషికి ఆ ఒక్క క్షణం ఏదో తగిలింది. మనకు తెలుసు కాబట్టి ఆ వణుకు మనకు తగులుతుంది.

ఇప్పుడు ఐదో అంకం, రాజసభ. రాజుకు గుర్తులేదు, శకుంతలకు అతనికి గుర్తులేదన్న సంగతే తెలియదు, అతను మోసగాడనుకుంటోంది. మనకు ఇద్దరి గురించీ తెలుసు, ఇద్దరి మీదా కోపం తెచ్చుకోలేం. ఒకరు అబద్ధమాడుతున్న సభ కాస్తా, ఇద్దరూ నిజమే పలుకుతున్న సభ అయిపోయింది! అక్కడ శకుంతల ఉంగరం కోసం వేలు తడుముకుంటుంది. ఉంగరం లేదు. శాపం సంగతి మనకు ముందే చెప్పిన కాళిదాసు, ఉంగరం జారిపోయిన సంగతి చెప్పలేదు. అది ఆమెకు తెలిసిన క్షణానే మనకూ తెలుస్తుంది. అంటే ఒకే సన్నివేశంలో ముందే తెలిసిన బాధ, అప్పుడే తగిలిన దెబ్బ రెండూ ఉన్నాయి. ఇందాక గడియారం కథలో మనం విడివిడిగా చూసిన మొదటి పద్ధతి, రెండో పద్ధతి ఇక్కడ కలిసిపోయాయి.

ఆరో అంకం మొదట్లో జాలరి దగ్గర ఉంగరం దొరుకుతుంది, రాజుకు గుర్తొస్తుంది, కుమిలిపోతాడు. అయినా శాపం సంగతి అతనికి తెలియదు, తనను తానే నిందించుకుంటాడు. ఏడో అంకంలో భార్యాభర్తలు కలుసుకున్నాక కూడా ఆ సంగతి మిగిలే ఉంటుంది. చివరికి మారీచుడు, అంటే కశ్యప మహర్షి, చెబుతాడు. శకుంతల అప్పుడు, అయితే ఆయన నన్ను కారణం లేకుండా వదిలేయలేదన్నమాట అనుకుంటుంది. అందరికన్నా ఆఖరున తెలిసింది రాజుకూ ఆమెకూనే. ఆమెకు తెలిశాక నాటకం ఎంతసేపు నడిచింది? కొన్ని మాటలు, ఒక ఆశీర్వాదం, భరతవాక్యం. పాత్రలకు తెలిసిందీ మనకు తెలిసిందీ సమానం కాగానే కథను నడిపే శక్తి ఇక ఉండదు. మీ ముగింపు సాగదీసినట్టు ఉందని ఎవరైనా అంటే, ఆ సమానం అయిన చోటు ఎక్కడో వెతికి, దాని తర్వాత ఎన్ని పేజీలు రాశారో చూసుకోండి.

పని చేసే పద్ధతి ఒకటి చెబుతాను. సీన్ ఆర్డర్ రాసుకున్నాక, ప్రతి సీను పక్కన మూడు గళ్లు గీయండి. ఈ సీను చివరికి ముఖ్య పాత్రకు ఏమి తెలుసు, ఎదుటి పాత్రకు ఏమి తెలుసు, చదివేవారికో చూసేవారికో ఏమి తెలుసు అని రాయండి. ఒక సీను తర్వాత మూడు గళ్లలో ఏదీ మారకపోతే ఆ సీను ఎంత బాగా రాసినా తీసేయవలసి రావచ్చు. రావచ్చు అంటున్నాను, ఎందుకంటే తెలిసిన సంగతినే పాత్ర జీర్ణించుకునే సీన్లు కొన్ని ఉంటాయి, అవి ఉండాలి. గళ్లు మారకపోయినా మనిషి మారితే చాలు.

మధ్య భాగం చప్పబడిపోతుందని మీరంతా అనే మాట గురించి కూడా ఈ గళ్లే చెబుతాయి. చాలా రాతప్రతుల్లో మొదటి 20 పేజీల్లోనే రచయిత తన దగ్గరున్నదంతా చెప్పేస్తాడు: ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎప్పుడు ఏమి జరిగింది, ఎవరి మనసులో ఏముంది. చదివేవారు అడగకముందే జవాబులు ఇచ్చేస్తాడు. ప్రశ్న పుట్టకముందు ఇచ్చిన జవాబును ఎవరూ గుర్తుపెట్టుకోరు. తమ్ముడు వెళ్లిపోయిన కారణాన్ని మొదటి పేజీలో చెబితే అది వివరం. గడియారం మూత తెరిచాక, ‘మరి ఎందుకు వెళ్లాడు?’ అని చదివేవారు తమంతట తాము అడిగాక చెబితే అదే వాక్యం కథ నడుపుతుంది. ఫ్లాష్‌బ్యాక్ ఎక్కడ పెట్టాలి అని అడుగుతుంటారు. దాని కోసం చూసేవారు ఆకలిగొన్న చోట పెట్టండి, మీకు చెప్పాలనిపించిన చోట కాదు.

ఆ గడియారం కథను ఎలా ముగిస్తారని విరామంలో ఒకరు అడిగారు. నేను ఇంకా రాస్తూనే ఉన్నాను, రెండు ముగింపులు కొట్టేశాను. ఒకదానిలో అతను పిల్లకు నిజం చెప్పాడు. అందరికీ అన్నీ తెలిసిపోయి కథ చల్లారింది. ఇంకొకదానిలో పిల్లను తన తల్లి దగ్గరికి తీసుకెళ్లాడు. అది ఏడిపించింది గానీ నాకు నమ్మకం కలగలేదు, అతను ఆ సాయంత్రమే అంత ధైర్యం చేసే మనిషి కాదు. ఇప్పుడు రాస్తున్న దానిలో, పిల్ల మర్నాడు వస్తానని వెళ్లిపోయాక, అతను రాత్రంతా కూర్చుని గడియారాన్ని నడిపిస్తాడు. మూత బిగించే ముందు సన్నని మొన తీసుకుని, పాత తేదీ కింద ఆ రోజు తేదీ గీస్తాడు. ఇంటికి వెళ్లేసరికి తలుపు చప్పుడుకు తల్లి తల ఎత్తి చూస్తుంది. ‘నేనేనమ్మా’ అంటాడు. తల్లికి ఆ రాత్రి చెబుతాడా లేదా అన్నది ఇంకా నాకు తేలలేదు. చెప్పకపోతే ఆ సంగతి తెలిసినవాళ్లం అతనూ మనమే మిగులుతాం, ఆ బరువు చదివేవారు మోయగలరా అని ఆలోచిస్తున్నాను. మీలో ఎవరికైనా ఏదైనా తోస్తే చెప్పండి, అక్కడి నుంచే మన చర్చ మొదలుపెడదాం.